ఎన్నారై సందేహాలు: టీమ్‌మేట్‌తో పేచీ తెగనప్పుడు

సందేహం: ఈ దేశానికి, ఈ ఉద్యోగానికి కొత్త. టీమ్‌లో ఒకాయన నేను రాసిన సాఫ్ట్‌వేర్ కోడ్‌ని రివ్యూ (తప్పులున్నాయేమో చూసి సరేననడం) చేయకుండా రెండేసి రోజులు ఉంచేస్తున్నారు. అడిగితే మాటామాటా పెరుగుతోంది. మేనేజర్‌కి చెప్పాలా, ఊరుకోవాలా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దు. ఊరుకుంటే పని ఆగుతుంది. మేనేజర్ దగ్గరికి వెళ్తే అది ఫిర్యాదవుతుంది. ఈలోగా చేయదగినది ఇంకొకటుంది. జరిగిన గొడవని పక్కనపెట్టి, అలాంటిదే ఒక ఊహా సన్నివేశం రాసి, దానిమీద టీమంతా బ్రెయిన్‌స్టార్మింగ్, అంటే మంచిచెడ్డలు ఎంచకుండా ముందు తోచిన ఉపాయాలన్నీ పోగేయడం. ‘ఎందుకు ఆపారు?’ అంటే ఎవరైనా తమని సమర్థించుకుంటారు. ‘ఇలా జరిగితే ఏం చేద్దాం?’ అంటే ఉపాయం వెతుకుతారు.

ముందు ఆయనతో విడిగా ఒక మాట అనండి: ‘రివ్యూల సంగతి టీమ్‌లో ఒకసారి కూర్చుని చూద్దామా? మీకు ఎదురయ్యే ఇబ్బందులు కూడా పెడదాం.’ ఈ మాట చెప్పకుండా మీటింగ్ పెట్టారో, నలుగురిలో నిలదీస్తున్నారనుకుంటారు. ఆ తర్వాత మీరేం చేసినా ఆయన చెవికెక్కదు. ఈ మీటింగ్‌కి టీమ్ లీడ్‌ని 40 నిమిషాలు అడగండి. నలుగురి నుంచి ఆరుగురి దాకా చాలు.

సన్నివేశం అయిదారు వాక్యాలు దాటకూడదు. పేర్లుండకూడదు, ఇద్దరి ఇబ్బందీ ఉండాలి. ఉదాహరణకి: ‘రిలీజ్‌కి రెండు రోజులుంది. 900 లైన్ల మార్పు రివ్యూకి వచ్చింది. చూడాల్సిన మనిషి ఆ రోజు ప్రొడక్షన్ సపోర్ట్‌లో (వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి వచ్చే సమస్యలు చూసే పనిలో) ఉన్నారు. రాసినవారికి మర్నాటికల్లా అది మెర్జ్ కావాలి (అసలు కోడ్‌లో కలవాలి). ఏమేం చేయొచ్చు?’ మొన్న జరిగిన గొడవనే తేదీ మార్చి రాస్తే అందరూ ఇట్టే పోల్చుకుంటారు, పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. అంకెలూ పరిస్థితీ కాస్త మార్చండి.

ఇక అసలు ఘట్టం. సన్నివేశం చదివాక 5 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తలా మూడు ఉపాయాలు రాయాలి. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, గుంపుగా కూర్చుని చెప్పినవాళ్లకన్నా అంతేమంది విడివిడిగా ఆలోచించినప్పుడే ఎక్కువ ఉపాయాలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగితే అనుకున్నది మరిచిపోతారు. పైగా యాస గురించి బెరుకున్న కొత్తవాళ్లకి రాయడం పెద్ద వెసులుబాటు. ఆన్‌లైన్‌లో అయితే అందరూ చాట్‌లో టైప్ చేసి ఉంచుకుని, టైమర్ మోగాక ఒకేసారి ఎంటర్ నొక్కాలి.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం చొప్పున చదువుతూ పోతారు. ఈ దశలో ‘అది మనకి కుదరదు’, ‘ఇదివరకు చేశాం’ అనే మాటలు నిషిద్ధం. మంచిచెడ్డలు తర్వాత చూద్దామన్నది ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అలెక్స్ ఆస్బోర్న్ పెట్టిన మొదటి నియమాల్లోనే ఉంది. తలాతోకా లేని ఉపాయాన్నీ రాసుకోండి. ‘అసలు రివ్యూయే వద్దు’ అని ఎవరో సరదాకి అంటే, దాన్ని పట్టుకుని ఇంకొకరు ‘చిన్న మార్పులు ముందు మెర్జ్ చేసి, ఒక్కరోజులో రివ్యూ చేద్దాం’ అనొచ్చు. ‘300 లైన్లు దాటితే ముక్కలు చేసి పంపాలి’, ‘సపోర్ట్ రోజున రివ్యూలు వేరొకరికి వెళ్లాలి’ లాంటివి ఇక్కడే పుడతాయి. మేనేజర్ ఉంటే ఆయన చివర్లో చదవాలి. ఆయన ముందు చదివితే మిగతావాళ్లు తమ కాగితాలు మడిచేస్తారు.

ఆఖరి పావుగంటలో తలా రెండు ఓట్లు. ఎక్కువ ఓట్లొచ్చినదాన్ని రెండు వారాలు నడిపి చూద్దామనండి, శాశ్వతమనకండి. ప్రయోగమని చెబితే, అయిష్టంగా ఉన్నవాళ్లు కూడా తలూపుతారు. ఏం అనుకున్నారో, ఎవరు చూసుకుంటారో, మళ్లీ ఏ తేదీన కలుస్తారో అదే రోజు మెయిల్ పెట్టండి. ఇది జరగకే సగం మీటింగులు గాలికి పోతాయి.

రెండు వారాలయ్యాక కూడా మీ రివ్యూలొక్కటే ఆగుతుంటే అప్పుడు మేనేజర్‌తో మాట్లాడండి, తేదీలు చేతిలో పెట్టుకుని. ఇక వేధింపులు, జాతి మీదో యాస మీదో ఎగతాళి, జీతం ఎగ్గొట్టడం వంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు, వాడకూడదు కూడా. అన్నమాట అన్నట్టుగా, రోజూ సమయంతో సహా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కి లిఖితపూర్వకంగా ఇవ్వండి. వీసా కంపెనీ చేతిలో ఉంటే, అంతకుముందే ఒక లాయర్‌ని సంప్రదించండి.