వెన్న పడని ఇంటి గురించి రాయి

అమ్మాయీ,

ఐర్లండ్ పల్లెల్లో పశువుల ఆచారాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చాలా సేకరించావు. కానీ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయావే తప్ప, ఆ మనుషుల భయం జోలికి వెళ్ళలేదు.

మే ఒకటో తారీఖునే తీసుకో. ఆ రోజు ఇంట్లోంచి నిప్పు, పాలు, ఉప్పు బయటికి ఇవ్వరని రాసి, ‘వింత ఆచారం’ అని వదిలేశావు. వింతేముంది? పచ్చిక ఎదిగి ఆవులు దండిగా పాలిచ్చే కాలం అప్పుడే మొదలు. భూస్వామికి కౌలు కట్టే గడువులు మే, నవంబరు నెలల్లో ఉండేవి. చాలా ఇళ్ళల్లో వెన్న అమ్మితేనే ఆ డబ్బు చేతికొచ్చేది. కార్క్ నగరంలో 1770లో మొదలైన వెన్న మార్కెట్ నుంచి పీపాలు సముద్రాలు దాటి వెళ్ళేవి. అలాంటి ఇంట్లో ఎంతసేపు చిలికినా వెన్న పడకపోతే టెన్షన్ కాదూ? తెల్లారకముందే ఎవరో మన పొలంలో గుడ్డ ఈడ్చి, మంచుతో పాటు ఏడాది వెన్నంతా పట్టుకుపోయారని అనుమానం. లేదంటే పక్కింటి ముసలమ్మ కుందేలై వచ్చి ఆవు పాలు తాగేసిందని. ఈ అనుమానాల్లో కథ ఉంది, చూడు. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎలా చూసుకునేవారో తెలుస్తుంది.

చిలికే చోట కాసేపు ఆగు. నిలువుగా ఉన్న చెక్క పీపా, మూత మధ్య చిల్లులోంచి పైకీ కిందికీ ఆడే పొడుగాటి కర్ర. అప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా ‘పనిని దేవుడు దీవించుగాక’ అని, ఆ కర్ర పట్టుకుని నాలుగు పోట్లు వెయ్యాలి. వెయ్యకుండా వెళ్ళాడా, వెన్న వాడి వెంటే పోతుందని భయం. మీగడకి తగిన వెచ్చదనం లేకపోతే వెన్న పడదన్న సైన్సు నువ్వు ఒక పేరా రాశావు. ఒక్క వాక్యం చాలు. మన దిష్టితో పోలికా అంతే, ఒక్కసారికి సరిపెట్టు.

1937 నుంచి రెండేళ్ళ పాటు అక్కడి జానపద కమిషన్ బడిపిల్లల చేత ఇంట్లో పెద్దల్ని అడిగించి రాయించిన నోట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ముందు అవి చదువు. కోళ్ళని ఏమని పిలుస్తారో, పొదిగేసే గుడ్ల మీద శిలువ గుర్తు ఎలా పెడతారో, ఉన్నది ఉన్నట్టు రాశారు ఆ పిల్లలు. ‘మనోహరమైన’, ‘ప్రాచీనమైన’ లాంటి మాటలు వాళ్ళకి అక్కర్లేకపోయాయి. నువ్వు మొదటి పేజీలోనే ఐదు వాడావు, కొట్టేయ్.

క్రిస్మస్ అర్ధరాత్రి పశువులు మాట్లాడతాయి, చాటుగా వినబోతే కీడు అన్న ముక్క మాత్రం కదపకు. బాగా కుదిరింది.