డిశ్చార్జి అయినవాళ్ళు ఏమయ్యారో కనుక్కోవడం... అదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది గుంటూరు. పట్నంబజారులో ఎరువుల షాపు. మా అమ్మాయి బీపీటీ, అదే ఫిజియోథెరపీ డిగ్రీ, అయిపోయి ఇంటర్న్‌షిప్‌లో ఉంది. ఫిజియోథెరపీలోనే పీజీ, ఎంపీటీ చేసి క్లినిక్ పెట్టుకోమంటే వద్దంటోంది. జబ్బు తగ్గి ఇంటికెళ్ళిన పేషెంట్లు ఏళ్ళ తర్వాత ఎలా ఉన్నారో పరిశోధన చేస్తుందట, అందుకు ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) చదువుతుందట. మా బావమరిది కొడుకు అమెరికాలో హెల్త్ డేటా సైన్స్‌లో ఎంఎస్ చేశాడు. అదీ ఇలాంటిదే, పైగా డబ్బులొస్తాయి అంటున్నాడు. నలభై లక్షలు లోను పెట్టి పంపాలా, ఇక్కడే చదివించాలా? అసలు ఈ రీసెర్చి అనేది ఉద్యోగమేనా? రేపు సంబంధాలొస్తే అమ్మాయి ఏం చేస్తోందని చెప్పాలి? నీట్‌లో నాలుగు మార్కులు ఎక్కువ వచ్చుంటే ఈ బాధే లేకపోయేది.

జవాబు: అన్నయ్యగారూ, ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి గానీ మీ టెన్షనంతా చివరి వాక్యంలో ఉంది. నీట్ అయిపోయి ఐదేళ్ళు దాటింది. మీ అమ్మాయి దాన్ని ఎప్పుడో వదిలేసింది, మీరింకా పట్టుకుని కూర్చున్నారు. బెజవాడలో నా దగ్గరికొచ్చే బైపీసీ తల్లిదండ్రుల్లో సగం మంది ఇంతే. పిల్ల ఏ కోర్సు పేరు చెప్పినా వాళ్ళ చెవికి ‘డాక్టర్ కాలేదు’ అనే వినిపిస్తుంది.

ముందు, ఇది ఉద్యోగమేనా అన్న అనుమానం తీరుద్దాం. 2006లో మన జిల్లాల్లో చికున్‌గున్యా వచ్చింది గుర్తుందా? జ్వరం వారంలో పోయింది. ‘తగ్గిపోయింది’ అన్నారు డాక్టర్లు. కానీ పొద్దున లేచి పిడికిలి బిగించలేక, చెంబు పట్టుకోలేక నెలల తరబడి బాధపడ్డవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా అమ్మ ఏడాదిపాటు దోసెల పిండి రుబ్బలేదు. జ్వరం లెక్కల్లో ఆవిడ ‘నయమైంది’ కిందే ఉండి ఉంటుంది. పిండి రుబ్బలేని ఆ ఏడాదిని లెక్కలోకి తెచ్చే పనే మీ అమ్మాయి చేస్తానంటోంది.

పెద్ద ఎత్తున కూడా జరిగింది మన దేశంలో. కోవిడ్‌తో ఆస్పత్రుల్లో చేరి డిశ్చార్జి అయినవాళ్ళని ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 31 ఆస్పత్రుల నుంచి ఏడాదిపాటు ఫోన్ల మీద వెంబడించారు. 14,419 మంది. అందులో 6.5 శాతం మంది ఏడాది తిరక్కుండానే పోయారు. డిశ్చార్జి రోజున వాళ్ళంతా ‘కోలుకున్నారు’ జాబితాలో ఉన్నవాళ్ళే. అంతకుముందే షుగరు, కిడ్నీ లాంటి జబ్బులున్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువని, జబ్బుకి ముందే టీకా వేసుకున్నవాళ్ళకి తక్కువని తేలింది కూడా ఆ ఫోన్ల వల్లే. చిన్నపిల్లల కేన్సర్ సంగతీ ఇంతే. లుకేమియాకిచ్చే కొన్ని మందులు పిల్లల్ని బతికించాయి గానీ, ఆ పిల్లలు పెద్దయ్యాక గుండె కండరం బలహీనపడే అవకాశం ఉందని ఏళ్ళ తరబడి ఫాలోఅప్ చేస్తేనే కదా బయటపడింది. ఆ తర్వాత పిల్లలకిచ్చే డోసు విషయంలో మరింత జాగ్రత్తపడ్డారు.

పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చెబుతాను. నా దగ్గర సలహా తీసుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు పక్షవాతం పేషెంట్ల ఫాలోఅప్ ప్రాజెక్టులో ఉంది. పేరూ ఊరూ చెప్పకుండా ఒక ఫోన్ కాల్ సంగతి చెప్పింది. రిజిస్టర్లో ఉన్న నంబరు స్విచాఫ్. రెండో నంబరు కొడుకుది, హైదరాబాద్‌లో ఉంటాడు. ‘నాన్న బానే ఉన్నాడండీ’ అన్నాడు. అక్కడ టిక్కు పెట్టేస్తే పని అయిపోయేది. ఈ పిల్ల పెట్టలేదు. తల్లి నంబరు తీసుకుని, పగలు ఆవిడ పనికి పోతుందని రాత్రి ఏడింటికి చేసింది. ఆవిడా ‘దేవుడి దయవల్ల బానే ఉన్నాడమ్మా’ అంది. అప్పుడు ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది.

‘స్నానం ఆయనే చేస్తున్నారా అమ్మా?’

‘నీళ్ళు తోడిపెడితే పోసుకుంటాడు.’

‘చొక్కా గుండీలు?’

‘నేనే పెడతాను.’

‘నడక?’

‘వీధి చివరి దాకా పోయొస్తాడు, కర్ర కూడా లేదు.’

‘అంతకుముందు ఏం పని చేసేవారు?’

‘మిర్చి యార్డులో ముఠా కూలీ. ఇంకేం యార్డు తల్లీ, ఏడాదైంది అటు పోయి.’

పక్షవాతం వచ్చాక మనిషి ఎంతవరకు కోలుకున్నాడో కొలిచే రాంకిన్ స్కేలు అని ఒకటుంది, సున్నా నుంచి ఆరు దాకా. ఏ లక్షణమూ లేకపోతే సున్నా, మనిషే లేకపోతే ఆరు. పాత పనులన్నీ చేయలేకపోయినా తన సంగతి తాను చూసుకోగలిగితే రెండు. నడవగలిగినా మరొకరి సాయం కావాల్సొస్తే మూడు. కొడుకు మాట నమ్మితే ఆయన సున్నానో ఒకటో. గుండీల దాకా వెళ్తే మూడు. పక్షవాతానికి కొత్త చికిత్స పనిచేసిందా లేదా అన్నది చాలా ట్రయల్స్‌లో తొంభయ్యో రోజున ఈ అంకె చూసే తేలుస్తారు. గుండీల గురించి అడగాలని ఎవరికి తడుతుంది? చేతివేళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించిన ఫిజియోకి తడుతుంది. మీ అమ్మాయి నాలుగేళ్ళ చదువు వృథా అవుతుందని మీకు బెంగ ఉంటే, దానికి నా జవాబు ఇదే.

ఇక ఎంఎస్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మధ్య నా దగ్గరికొచ్చే ఫార్మ్‌డీ, బీపీటీ, బీడీఎస్ పిల్లలందరి నోటా ఇదే పేరు. హెల్త్ డేటా సైన్స్ చెడ్డ చదువు కాదు. కానీ దాన్ని అమ్మే తీరు మీద నాకు అనుమానాలున్నాయి. ఆ కోర్సులో నేర్పేది ముఖ్యంగా కంప్యూటర్లో అప్పటికే ఉన్న రికార్డులతో పనిచేయడం. అమెరికాలో ఆస్పత్రి రికార్డు, ఇన్సూరెన్స్ బిల్లు, మందుల లెక్క చాలావరకు కంప్యూటర్లో దొరుకుతాయి. మన దగ్గర డిశ్చార్జి సమ్మరీ బీరువాలో, బట్టలషాపు క్యారీబ్యాగులో నాలుగు మడతల మీద ఉంటుంది. ఆ మడత విప్పే పని నేర్పేది వేరే చదువు.

ఇంకో సంగతి. వంద మందికి చికిత్స చేశారనుకోండి. ఏడాది తర్వాత రివ్యూకి అరవై మంది వచ్చారు, వాళ్ళలో యాభై మంది నడుస్తున్నారు. ‘83 శాతం మంది నడుస్తున్నారు’ అని గొప్పగా రాసుకోవచ్చు. రాని నలభై మంది? కొందరు పూర్తిగా బాగై పనుల్లో పడిపోయి ఉంటారు. కొందరు ఆటో ఎక్కలేక, కొందరు ఒకరోజు కూలి పోతుందని, కొందరు అసలు లేక. ఆ నలభై మందీ నడవలేనివాళ్ళే అయితే మీ 83 కాస్తా 50 అవుతుంది. ఖాళీ గడుల్ని అంచనాలతో నింపే పద్ధతులు స్టాటిస్టిక్స్‌లో ఉన్నాయి, అవీ నేర్చుకోవాల్సిందే. కానీ ఎందుకు ఖాళీగా ఉందో తెలియకుండా నింపితే అది పేకముక్కల మేడ. కొత్తగా ఏఐ అంటున్నారుగా, రాని మనిషి గురించి దానికి మాత్రం ఎవరు చెబుతారు? ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టాల్సిందే.

డబ్బు విషయం. బావమరిది కొడుకు ఏ సంవత్సరం వెళ్ళాడో రాయలేదు. అప్పటి దారి వేరు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే చదువయ్యాక అక్కడే పనిచేసుకునే అనుమతి, ఓపీటీ, మూడేళ్ళు, ఆపైన ఉద్యోగ వీసా హెచ్-1బి కోసం లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుమని ప్రకటన వచ్చినప్పుడు ఆ వారమంతా నాకు రాత్రి పదకొండు దాకా తల్లిదండ్రుల ఫోన్లే. నలభై లక్షల లోను మీద వడ్డీకి ఈ గొడవలేవీ తెలియవు. ఎరువుల అప్పు ఇచ్చేటప్పుడు రైతుని పది రకాలుగా ఆరా తీసే మీరు, ఇక్కడ బావమరిది కొడుకు చెప్పిన ఒక్క మాట మీద సంతకం పెడతారా? కోప్పడుతున్నాననుకోకండి. కోప్పడుతున్నానులెండి.

నేనూ ఒకప్పుడు ఇలాగే బోల్తాపడ్డాను. క్లినికల్ రీసెర్చి డిప్లొమాల హవా నడిచిన రోజుల్లో హైదరాబాద్‌లోని ఒక ఇన్‌స్టిట్యూట్‌కి ఇద్దరు పిల్లల్ని పంపాను. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు. ఒక అమ్మాయి ఎనిమిది నెలలు ఖాళీగా ఉండి చివరికి మెడికల్ కోడింగ్‌లో, అంటే ఆస్పత్రి బిల్లులకి జబ్బుల కోడ్‌లు వేసే పనిలో, చేరింది. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంటుంది.

అలాగని ఇక్కడ ఎంపీహెచ్ చేస్తే పూలబాట అని చెప్పను. మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులు, అంటే కాంట్రాక్టు. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో టెక్నికల్ సపోర్ట్-3 పోస్టుకి 28,000, రీసెర్చి సైంటిస్టు మొదటి మెట్టుకి 56,000, పైన హెచ్ఆర్ఏ ఉంటుంది. పీహెచ్‌డీకి వెళ్తే జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) నెలకి 37,000. క్లినిక్ పెట్టి నాలుగేళ్ళు నిలదొక్కుకున్న ఫిజియో ఇంతకన్నా ఎక్కువే సంపాదించొచ్చు. ఇది అమ్మాయికి కూడా చెప్పండి, దాచకండి. తెలిసి ఒప్పుకుంటే రేపు మిమ్మల్ని అనదు.

కోర్సు పేరు కాదు, అందులో ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల శాస్త్రం) ఎంత గట్టిగా చెబుతారో చూడండి. తిరువనంతపురం శ్రీచిత్రలోని అచ్యుత మేనన్ సెంటర్, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, సెంట్రల్ యూనివర్సిటీ, చండీగఢ్ పీజీఐ, ఇవి ముందు చూడాల్సినవి. అర్హతలో బీపీటీ ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చదవండి, కన్సల్టెన్సీ వాళ్ళ మాట కాదు. అమెరికా ఆశ చంపుకోమనడం లేదు. ఇక్కడ రెండు మూడేళ్ళు ఫాలోఅప్ పని చేసి, ఒకటో రెండో పేపర్లు వేసుకుని, ఫండింగ్‌తో పీహెచ్‌డీకి వెళ్ళే దారి ఉంది. మీ షాపు కాగితాలు బ్యాంకులో పెట్టక్కర్లేదు.

సంబంధాల మాట. ‘ఆస్పత్రి రీసెర్చిలో పనిచేస్తోంది’ అని చెప్పండి, మూడే ముక్కలు. అది విని మొహం తిప్పుకునే ఇంట్లో అమ్మాయికి ఎలా ఉంటుందో ఆలోచించాల్సింది మీరే.

ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన నెలల్లో ఒక పని చేయొచ్చు. డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ప్రొఫెసర్‌ని గైడ్‌గా ఒప్పించి, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్ళు ఆరు నెలలకి ఎలా ఉన్నారో ఓ ముప్పై మందిని అడిగే చిన్న స్టడీ రాసుకోవాలి. పేషెంట్ల మీద చేసే పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ సరేననకముందు ఒక్క పేషెంటుకీ ఫోన్ చేయకూడదు, ఉత్సాహంలో పిల్లలు చేసే మొదటి తప్పు అదే. సాయంత్రాలు స్టాటిస్టిక్స్ లెక్కలు చేసే ‘ఆర్’ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు, అది ఉచితం. మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే, ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వాళ్ళ వెబ్‌సైట్లో పడుతుంటాయి. ఆ ముప్పై ఫోన్లు చేశాక కూడా విసుగు పుట్టకపోతే అప్పుడు ఎంపీహెచ్ ఫీజు కట్టండి. విసుగు పుడితే ఎంపీటీ ఎక్కడికీ పోదు.

ఒకటి అడగడం మరిచాను. క్లినిక్ వద్దని ఈ పని కావాలని ఊరికే అనుకోరు. వార్డులో ఎవరో ఒక పేషెంటు ఉండి ఉంటారు, ఇంటికెళ్ళి మళ్ళీ రానివారు. ఆ సంగతి మీ ఉత్తరంలో లేదు. బహుశా మీరు అడిగుండరు. ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.