పంప్కిన్ పై గట్టిపడలేదా? ఓవెన్ మీద అంకె చూశారా?

నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ కదా, దాని ముందు రోజు రాత్రి కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. అక్కా, రేపు మావారి మేనేజర్ వాళ్ళింటికి భోజనానికి పిలిచారు, పంప్కిన్ పై చేశాను, గంటైంది, ఇంకా పాయసంలా ఊగుతోంది అని. పంప్కిన్ పై అంటే గుమ్మడి గుజ్జు, పాలు, గుడ్లు కలిపి ఓవెన్‌లో కాల్చే తీపి. నేను అడిగేది ఒకటే. మధ్యలో ఊగుతోందా, మొత్తం ఊగుతోందా?

మధ్యలో రెండంగుళాల మేర జున్ను వణికినట్టు వణుకుతుంటే అయిపోయినట్టే. తీసి రెండు గంటలు కదపకుండా వదిలేయండి, లోపలి వేడికే మిగతాది గట్టిపడుతుంది. ఆగలేక వేడిమీద కోసి, కారిపోతోందని ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అంచుల దాకా నీళ్ళలా కదులుతుంటే మాత్రం ముందు ఓవెన్ చూడండి. తెలుగు వీడియోలో 180 అన్నారని ఒకమ్మాయి 180 పెట్టి మూడు గంటలు కాపలా కూర్చుంది. ఆ 180 సెల్సియస్, ఇక్కడ అమెరికా ఓవెన్లలో ఉన్నది ఫారెన్‌హీట్, 350 పెట్టాలి. పైగా మనకి ఓవెన్ అంటే మూకుళ్ళు, పెనాలు దాచుకునే అలమారా కదా, పండక్కే మొదటిసారి వెలిగిస్తాం, అది నిజంగా ఎంత వేడెక్కుతుందో మనకేం తెలుసు! మా మొదటి అపార్ట్‌మెంట్ ఓవెన్‌లో 350 పెడితే 310 దగ్గరే ఆగేది. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనేసుకోండి.

ఓవెన్ బాగానే ఉంటే తప్పు డబ్బాల్లో ఉంటుంది. పై లోపలిది ఒక రకం కస్టర్డే. కానీ మనకి కస్టర్డ్ అనగానే ఫ్రూట్ సలాడ్‌లో వేసే పొడి గుర్తొస్తుంది. అందులో గుడ్డు ఉండదు, ఉన్నది కార్న్‌స్టార్చ్, అంటే మన తెల్లటి కార్న్‌ఫ్లోర్. 1837లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడదని అలాంటి పొడి కనిపెట్టాడు. పిండి కాబట్టి అది మరిగితేనే చిక్కబడుతుంది. పై అలా కాదు, దాన్ని పట్టి ఉంచేది గుడ్డు. జున్ను లెక్కే అనుకోండి. జున్నుపాలలో ప్రొటీన్లు ఎక్కువ కాబట్టి ఆవిరి మీద గట్టిపడుతుంది, ఎక్కువ గిన్నెలు నిండుతాయని ఆశపడి మామూలు పాలు పోసేస్తే ఎంతసేపు ఉడికించినా జారుగానే ఉంటుంది. ఇక్కడా అంతే, 15 ఔన్సుల గుమ్మడి గుజ్జుకి 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్ (నీళ్ళు ఇగరబెట్టిన, చక్కెర లేని డబ్బా పాలు), రెండు పెద్ద గుడ్లు. ఆ పాల డబ్బా బదులు ఫ్రిజ్‌లో ఉన్న పాలో బాదం పాలో పోస్తే నీళ్ళు ఎక్కువైపోతాయి. పక్కనే ఉండే కండెన్స్‌డ్ మిల్క్ మన మిల్క్‌మెయిడ్ లాంటిది, అందులో చక్కెర ఉంటుంది. నేను మొదటిసారి అది పోసి పైన ముప్పావు కప్పు చక్కెర కూడా వేశాను, గట్టిగానే వచ్చింది గానీ రెండో ముక్క ఎవరూ అడగలేదు. గుమ్మడి డబ్బా మీద పై మిక్స్ అని ఉంటే చక్కెర, మసాలా ముందే కలిపేసి ఉంటాయి, కొలతలు మారిపోతాయి, మామూలు గుజ్జు డబ్బానే తెచ్చుకోండి.

ఇప్పుడు చేతిలో ఉన్న పై సంగతా? ఇంకా వేడిగా ఉంటే అంచులు మాడకుండా ఫాయిల్ చుట్టి మళ్ళీ 350లో పెట్టి, పది నిమిషాలకోసారి చూడండి. గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే మధ్యలో 175 ఫారెన్‌హీట్ రాగానే తీసేయండి. భయంతో ఇంకో గంట ఉంచారనుకోండి, 185 దాటాక గుడ్డు విరిగి నీళ్ళు వదులుతుంది, మీరేమో అది ఉడకలేదనుకుని మళ్ళీ లోపల పెడతారు! సగం ఉడికి రాత్రంతా బయట ఉండిపోయింది మాత్రం పారేయండి, అందులో పచ్చిగుడ్డు ఉంది, మేనేజర్ ఇంట్లో పిల్లలుంటారు. బాగా ఉడికిన పై కూడా ఆ రెండు గంటలు చల్లారగానే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి.

గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు గుడ్లు మానేసి ఊరుకుంటే అస్సలు గట్టిపడదు. మూడు టేబుల్‌స్పూన్ల కార్న్‌స్టార్చ్ ఉండ కట్టకుండా కలిపి, అంచుల్లో బుడగలు వచ్చేదాకా ఉంచండి. ఇది వేడిగా ఉన్నప్పుడు ఎలాగూ జారుగానే ఉంటుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నాకే ముక్క తెగుతుంది, కాబట్టి బుధవారం పొద్దున్నే చేసేయండి.