మే నెలలో విశాఖ వస్తే కోనాం దొరుకుతుందా?

ప్రశ్న: మావారికి విశాఖ బదిలీ అయింది. మే మొదటి వారంలో కర్నూలు నుంచి వచ్చేస్తున్నాం. ఇక్కడ మాకు దొరికేవన్నీ బొచ్చె, రోహులే. సముద్రపు చేప తినాలని, ముఖ్యంగా వంజరం పులుసు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నాం. సామాను దించిన మర్నాడే హార్బర్‌కి వెళ్లవచ్చా? మంచి చేపను ఎలా గుర్తుపట్టాలి?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: వెళ్లండి, కానీ వంజరం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మీరు వంజరం అంటున్న చేపను విశాఖలో కోనాం అంటారు. బజారులో ఆ పేరుతోనే అడగండి. ఇక మీరు వచ్చే సమయానికి వేట నిషేధం నడుస్తుంటుంది. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లు, ఇంజిన్ పడవలు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ ఏర్పాటు. కోనాం, చందువ లాంటి పెద్ద చేపలు ఎక్కువగా ఈ బోట్ల మీదే వస్తాయి. ఆ రోజుల్లో తాజా కోనాం అని చూపిస్తే అది ఐస్‌లో చాలాకాలం ఉన్నదో, వేరే తీరం నుంచి వచ్చిందో అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు. అందుకే పెదజాలరిపేట, భీమిలి లాంటి చోట్ల తీరం దగ్గర పడిన నెత్తళ్లు, కవళ్లు అనే చిన్న చేపలు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. పొద్దున్నే వెళితేనే దొరుకుతాయి. జూన్ 15న బోట్లు కదిలినా ఆ రోజే హార్బర్ నిండిపోదు. లోతుకు వెళ్లిన బోట్లు తిరిగి రావడానికి రోజులు పడుతుంది. జూన్ చివరి వారం దాకా ఓపిక పట్టండి.

అప్పుడు కొనేటప్పుడు కోసిన ముక్కలు తీసుకోకుండా మొత్తం చేపను చూసి ఎదురుగా కోయించండి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే వదిలేయండి. కళ్లు ఉబ్బి, నిగనిగలాడాలి. వేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవాలి. లొత్త అలాగే ఉండిపోతే పాతది. వాసన సముద్రపు నీటిలా ఉండాలి, ముక్కు పొడిచే నీచు ఉండకూడదు. గడ్డకట్టించి కరిగించిన చేపలో కండ నీరు వదులుతూ మెత్తగా ఉంటుంది. అలాంటిది పులుసులో వేస్తే పొడిపొడిగా విడిపోతుంది.

కోనాం పులుసులో ఎక్కువమంది చేసే తప్పు ముక్కలను ముందే వేసి మరిగించడం. కోనాంలో కొవ్వు తక్కువ, కాబట్టి ఎక్కువసేపు ఉడికితే పీచులా ఎండిపోతుంది. చింతపండు పులుసు బాగా మరిగి, నూనె పైకి తేలాక అంగుళం మందం ముక్కలు వేసి, సన్న సెగ మీద 10 నుంచి 12 నిమిషాలు ఉంచితే చాలు. వెడల్పాటి గిన్నె వాడండి. గరిటె పెట్టకుండా గిన్నెను గుడ్డతో పట్టుకుని తిప్పండి. పులుసు మర్నాటికే రుచి.

మేలో మీకు ఎండు నెత్తళ్లు, మామిడికాయ కూర ఉంది. ఇది ఎంత మాత్రం సర్దుబాటు వంట కాదు. ఆ కాలానికి అదే అసలు కూర, దానికోసం ఎదురుచూడండి. నలుగురికి 100 గ్రాముల నెత్తళ్లు చాలు. తలలు గిల్లి, పొడి బాణలిలో 3, 4 నిమిషాలు వేయించి, గోరువెచ్చటి నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, మూడుసార్లు కడగండి. వేయించితే నీచు తగ్గుతుంది. ఒక్క నీటికి కడిగి వదిలేస్తే ఇసుక పంటికి తగులుతుంది. రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద నూనెలో మగ్గాక పసుపు, రెండు చెంచాల కారం వేయండి. తర్వాత నెత్తళ్లు, గ్లాసు నీళ్లు పోయండి. ఐదు నిమిషాలు ఉడికాక ఒక పుల్లటి మామిడికాయ ముక్కలు వేసి, అవి మెత్తబడగానే దించండి. ముందే వేస్తే ముక్క కరిగి పులుపంతా ఒకేలా అయిపోతుంది. చేపలో ఉప్పు ఉంటుంది కాబట్టి దించే ముందు రుచి చూసి, అవసరమైతేనే వేయండి.

ప్రశ్న: విశాఖలో అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాం. అరకు బొంగులో చికెన్ ఇంట్లోనే గ్యాస్ పొయ్యి మీద చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గ్యాస్ మీద వద్దు. మంట ఒక్కచోటే తగిలి బొంగు అక్కడ కాలిపోతుంది, మిగతా మాంసం పచ్చిగా ఉంటుంది. డాబా మీద చేయడానికి అనుమతి ఉంటే బొగ్గుల కుంపటి మీద చేయండి.

బొంగు పచ్చిదై ఉండాలి, ఒక కొస కణుపుతో మూసుకుని ఉండాలి. ఈ వంటలో నూనె ఉండదు, నీళ్లు పోయరు. బొంగులోని తడి, మాంసంలోని తడే దాన్ని ఉడికిస్తాయి. అందుకే ఎండిన బొంగు పనికిరాదు, పగిలి అంటుకుంటుంది. అర కిలో ఎముకతో కూడిన చిన్న ముక్కలకు చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద, చెంచాడున్నర కారం, చెంచాడు ధనియాల పొడి, అర చెంచా గరం మసాలా, పసుపు, ఉప్పు, సగం నిమ్మకాయ రసం పట్టించి గంట ఉంచండి. బొంగులో ముప్పాతిక వంతు వరకే నింపండి, మూతిని అడ్డాకుతోనో అరటాకుతోనో వదులుగా బిగించండి. ఆవిరి పోయే దారి లేకుండా బిరడా కొడితే బొంగు పగులుతుంది, ముఖం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది. నిప్పుల మీద తిప్పుతూ 35 నుంచి 45 నిమిషాలు కాల్చండి. నాటుకోడికి ఇంకా సమయం పడుతుంది. దించాక ఒక ముక్క విరిచి చూడండి, ఎముక దగ్గర ఎరుపు కనిపిస్తే మళ్లీ నిప్పుల మీద పెట్టండి. ఒకసారి కాల్చిన బొంగులో తడి ఉండదు, మళ్లీ వాడకండి.

ప్రశ్న: మాడుగుల హల్వా కొని ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: గోధుమ పాలతో చేసే ఆ హల్వాలో నెయ్యి చాలా ఎక్కువ, చల్లదనానికి అది పేరుకుంటుంది. చెడిపోయిందని అనుకోకండి. తినే ముందు అరగంట బయట ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. తొందరలో ఉంటే గిన్నెను వేడినీళ్లలో ఉంచండి. నేరుగా పొయ్యి మీద పెడితే నెయ్యి విడిపోయి అడుగు మాడుతుంది.