అన్నయ్య పెట్టే లైకు

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్ళు. పుట్టిల్లు నెల్లూరు, పెళ్ళయ్యాక చెన్నై వలసరవాక్కంలో స్థిరపడ్డాం. 2006లో మా అన్నయ్యా నేనూ కలిసి ఆర్కుట్‌లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి అభిమానుల కోసం ఒక గ్రూపు మొదలుపెట్టాం. ఆర్కుట్ మూతపడ్డాక ఫేస్‌బుక్‌కి, తర్వాత వాట్సాప్‌కి మారాం. రోజూ పొద్దున్నే ఒక పాట, దాని వివరాలు పెట్టడం నా పని. ఈ మధ్య కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఏఐతో చేసిన బాలు గారి గొంతు తెచ్చి పెడుతున్నారు. డిలీట్ చేస్తే, 'ఆంటీ, మీరు మ్యూజియం నడుపుకోండి' అన్నాడొకడు. పాతవాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు. మావారు ఎప్పటినుంచో వదిలెయ్యమంటున్నారు. నాకూ విసుగొచ్చేసింది. ఇన్నేళ్ళ వాళ్ళను వదిలి వెళ్ళేటప్పుడు ఎలా చెప్పాలి? పేరుపేరునా అందరికీ రాయాలా, చెప్పకుండా బయటికి వచ్చేయాలా? అన్నయ్య కూడా గ్రూపులోనే ఉన్నాడు గానీ, నాన్నగారి ఇల్లు అమ్మిన దగ్గర్నుంచీ మాటల్లేవు. అంతా మా వదిన పుణ్యం. అది వేరే సంగతి లెండి.
– ఒక ఆడపడుచు, చెన్నై

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది. పైన వేసింది అందులో పావు వంతు కూడా కాదు. మిగతాది నేను రెండుసార్లు చదివాను.

ముందు మీరడిగింది తేల్చేద్దాం, పెద్ద పనేం కాదు. పేరుపేరునా రాయొద్దు. ఎవరి పేరైనా మర్చిపోతే వాళ్ళు నొచ్చుకుంటారు. పేరున్న వాళ్ళేమో మీరు నిజంగానే వెళ్తున్నారా, బతిమాలించుకోవడానికి రాశారా అని చర్చ మొదలుపెడతారు. నాలుగు వాక్యాలు చాలు. ఇన్నేళ్ళు సంతోషంగా గడిచింది, ఇకమీదట ఫలానా ఇద్దరు చూసుకుంటారు, పాటల లిస్టు వాళ్ళకిచ్చాను, సెలవు. అడ్మిన్‌గా ఇద్దర్ని పెట్టండి, ఒక్కరే అయితే కొన్నాళ్ళకి మీలాగే అలిసిపోతారు. చెప్పకుండా వెళ్ళడం మాత్రం వద్దు, అది బంతిలో కూర్చుని పప్పన్నం దగ్గరే లేచిపోయినట్టుంటుంది.

ఏఐ గొంతు విషయంలో న్యాయం మీ వైపే ఉంది. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును ఇలాగే తయారుచేసి వాడుకుంటే, అనుమతి తీసుకోలేదని ఆయన కుటుంబం 2024లో లీగల్ నోటీసు పంపింది. ఆ వార్త గ్రూపులో పెట్టి, 'వాళ్ళింట్లో వాళ్ళకే ఇష్టం లేనిది మనకెందుకు బాబూ' అంటే సరిపోయేది. ఏమీ చెప్పకుండా తీసేస్తే కుర్రాడికి అది పెత్తనంలాగే కనిపిస్తుంది. పోతే, ఆ 'ఆంటీ' మీకు మ్యూజియం కన్నా ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. యాభై నాలుగేళ్ళావిడని పాతికేళ్ళవాడు ఇంకేమంటాడమ్మా?

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. దీనికోసం మీరు అన్ని పేజీలు రాయలేదు.

'అది వేరే సంగతి లెండి' అని మీరు కొట్టిపారేసిన సంగతే ఉత్తరం నిండా ఉంది. మీ పాటల లిస్టు గురించి రాశారు. ఎక్సెల్‌లో పాట, సినిమా, సంవత్సరం, సంగీతం, రచన, ఆ తర్వాత 'చెప్పినవారు' అని ఒక కాలమ్. ఎవరు ఏ వివరం తెచ్చారో మర్చిపోకూడదని అన్నయ్యే పెట్టించిన కాలమ్ అది. 2016 వరకు ప్రతి రెండు మూడు వరసలకీ ఒకసారి ఆయన పేరుంటుంది, ఆ తర్వాత ఒక్కసారీ లేదు. గ్రూపు అప్పగించే ముందు ఆ కాలమ్ తీసేయాలా ఉంచాలా అని కూడా నన్నే అడిగారు. ఏఐ కుర్రాడితో తగువుకీ ఆ కాలమ్‌కీ సంబంధమేంటి?

ఇంకొకటి. 2020 ఫిబ్రవరిలో బాలు గారు నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. మీ గ్రూపంతా ఆ ఫోటోలతో పొంగిపోయింది. ఏ చిన్న వార్తయినా అందరికన్నా ముందు పెట్టే మీరు ఆ రోజు ఏమీ పెట్టలేదు. 'ఎందుకో చెయ్యాడలేదు' అని రాశారు. ఎందుకో మీకు తెలుసు. అదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల మీ నాన్నగారి ఇల్లు ఉండేది. దాన్ని అమ్మేటప్పుడు మిమ్మల్ని పిలిచింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి, అది కూడా హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టడానికి.

అదే 2020 సెప్టెంబర్ 25 మధ్యాహ్నం బాలు గారు పోయారని టీవీలో చెప్పిన కాసేపటికి మీ ఫోన్ మోగింది, అన్నయ్య. ఇద్దరూ ఏం మాట్లాడలేదు. వెనక ఆయన ఇంట్లో టీవీ వినపడుతోంది. చివరికి 'ఉంటానమ్మా' అని పెట్టేశాడు. 'అమ్మా' అన్న మాట కింద మీరు గీత గీశారు. ఆ తర్వాత మళ్ళీ ఫోన్ లేదు. గ్రూపులో మాత్రం మీరు ఏ పాట పెట్టినా మొదటి లైకు ఆయనదే. 2025లో ఇక్కడ నుంగంబాక్కంలో కామ్‌దార్ నగర్ వీధికి బాలు గారి పేరు పెడితే మీరు ఎండలో వెళ్ళి ఆ బోర్డు ఫోటో తీసి పెట్టారు. ఆ రోజు అన్నయ్య ఒక్క బొటనవేలు చూపించి ఊరుకున్నాడని మీకు కష్టమేసింది, ఏదో ఒక మాట రాస్తాడని చూశారు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ లైకు మీద బండి లాగిస్తున్నారు. మీరు బయటికొచ్చేస్తే ఆయనకు లైకు పెట్టే చోటుండదు, మీకు చూసుకునే చోటుండదు. మీ భయం ఇదే. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేస్తున్నారని తెలిసి, ఆ ముందు వారమంతా ఆయన నెల్లూరులో, మీరు ఇక్కడ, ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుని అర్ధరాత్రి దాకా ఒక్కో పోస్టూ కాపీ చేసుకున్నామని రాశారు. మధ్యలో పాటలు పాడుకున్నారు కూడా. అది కూడా వీడ్కోలేగా? అప్పుడు ఎలా చెప్పాలి, ఏం రాయాలి అని మీరు ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ఉత్తరంలో వదిన పేరు అన్నయ్య కన్నా ఎక్కువసార్లు వచ్చింది. వదిన ఎక్కించింది, వదిన లెక్కలు వేసింది, వదిన రానివ్వలేదు. అయ్యుండొచ్చు, ఆవిడ నాకు తెలియదు. కానీ సంతకం కాగితం పట్టుకొచ్చింది వదిన కాదు, మీ అన్నయ్య. పసుపు కుంకుమ కింద ఇంత తీసుకోమని మొత్తం చెప్పిందీ ఆయనే. వదిన మీదికి నెట్టేస్తే అన్నయ్య మంచివాడిగా మిగులుతాడు, అందుకని మీరు ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తున్నారు. ఎంతకాలం ఆయన తప్పును పరాయి ఇంటి నుంచి వచ్చిన ఆడమనిషి ఖాతాలో రాస్తారో అంతకాలం ఆయనతో మాట్లాడాల్సిన అవసరం మీకు రాదు.

వాటా గురించి నా అభిప్రాయం దాచుకోను. 'అడగడం బాగుండదని ఊరుకున్నాను' అన్నారు. ఎందుకు బాగుండదు? ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన సవరణ గురించి రాశారు గానీ, అది పిత్రార్జితం సంగతి. మీ నాన్నగారు మాస్టారి జీతంతో కట్టుకున్న ఇంటికి అంతదాకా పోనక్కర్లేదు. అమ్మ ముందే పోయింది, ఆయన వీలునామా రాయలేదు. అలాంటప్పుడు కొడుక్కెంతో కూతురికీ అంతేనని 1956 నాటి చట్టమే చెబుతోంది. మీకు ఇచ్చింది పసుపు కుంకుమ కాదు, మీ సొమ్ములో కొంత మీకే ఇచ్చి దానికి ఆ పేరు పెట్టారు. మనిళ్ళల్లో ఈ మాట ఎంతమంది ఆడపిల్లల నోరు మూయించిందో! ఆ దస్తావేజు ఇప్పుడు తిరగదోడొచ్చా అంటే, నేను లాయర్ని కాను, అది అంత తేలిక కాదని మాత్రం తెలుసు. కావాలనుకుంటే లాయర్ని కలవండి. అక్కర్లేదనుకుంటే మనసులో కూడా వదిలేయండి. కోర్టుకి వెళ్ళకుండా, మాట్లాడకుండా, మర్చిపోకుండా కూర్చోవడం వల్ల బీపీ పెరగడం తప్ప ఏమీ రాదు.

ఆ విషయంలో మీ పక్షమే. మేనకోడలి పెళ్ళి విషయంలో కాదు. శుభలేఖ వాట్సాప్‌లో పంపారు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. సొంత మేనత్తని అలా పిలవడం చాలా తప్పు, ఒప్పుకుంటాను. అయినా మీరు వెళ్ళాల్సింది. మీ పేచీ దాని తండ్రితో. చిన్నప్పుడు ప్రతి వేసవికీ మీ ఇంట్లో పెరిగి, మెరీనాకి తీసుకెళ్ళమని మీ కొంగు పట్టుకు తిరిగిన పిల్ల అది. మధుపర్కాల్లో కూర్చుని మేనత్త ఎక్కడా అని చూసుకుని ఉండదూ? 'నేను వెళ్ళకపోయినా ఒక్కరూ అడగలేదు' అని రాశారు. ఎవరు అడుగుతారు? అడగాల్సినవాడు మీతో మాట్లాడటం లేదుగా! మీ ఆత్మాభిమానాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించాల్సింది. అక్కడ తలొంచి సంతకం పెట్టి, పెళ్ళి దగ్గర తలెత్తారు.

మీవారి గురించి ఒక్క ముక్క. ఆయనతో మీకు ఇబ్బందేమీ కనపడలేదు. పొద్దున్నే కాఫీ కన్నా ముందు మీరు ఫోన్ పట్టుకుంటారని ఆయన విసుక్కుంటే అందులో తప్పూ లేదు. ఆయన్ని దీంట్లోకి లాగకండి. నెల్లూరుకి మీతో వస్తానన్నా వద్దనండి, బావగారు ఎదురుగా ఉంటే మీ అన్నయ్య మర్యాదలు చేస్తూ తప్పించుకుంటాడు.

అవును, నెల్లూరు వెళ్ళమనే చెబుతున్నాను. గ్రూపుకి వీడ్కోలు రాయకముందే వెళ్ళండి. వాయిస్ మెసేజీలు, పాట పంపించి అర్థం చేసుకుంటాడులే అనుకోవడాలు వద్దు. మీరిద్దరూ అలా అర్థం చేసుకోబట్టే ఇన్నేళ్ళు గడిచాయి. ముందు రోజు ఫోన్ చేసి, 'రేపు వస్తున్నాను' అనండి, రావచ్చా అని అడగొద్దు. మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రం కాఫీ వేళకి అక్కడుంటారు.

వెళ్ళాక బాలు గారి ప్రస్తావన తేకండి. కష్టమే, తెలుసు. ఆ మాటెత్తితే ఇద్దరూ పాటల్లో పడి కళ్ళు తుడుచుకుని, ఇక అంతా సర్దుకుందని అనుకుంటారు, మీరు రైలెక్కగానే మళ్ళీ మామూలే. చెప్పాల్సినవి రెండే. పిల్ల పెళ్ళికి రాకపోవడం నాది తప్పు. ఇల్లు అమ్మేటప్పుడు నన్ను కూర్చోబెట్టి మాట్లాడకుండా సంతకానికి మాత్రం పిలవడం నీది తప్పు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి, ఆయన మొహం చూస్తూ చెప్పండి. వదిన అక్కడే ఉంటే ఉండనివ్వండి, ఆవిడ కూడా వినాల్సిందే. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే మాత్రం వెళ్ళిన పని కాలేదన్నమాట. మీ ఉత్తరం చూస్తే మీరు అదే చేసేలా ఉన్నారు.

ఆయన ఏమంటాడో నేను చెప్పలేను. డబ్బు గురించి వచ్చావా అనొచ్చు. అప్పుడు 'అవును, దాని గురించి కూడా' అనండి, సిగ్గుపడకండి. అసలేమీ అనకపోవచ్చు కూడా, మన మగవాళ్ళు చాలామంది అంతే. అలాగైతే మీరు వచ్చేయండి. ఆ తర్వాత ఆయన పెట్టే లైకుకి అర్థాలు వెతకడం మానేయడం మీ చేతుల్లో ఉంది. గ్రూపులో ఉంటారో, బయటికి వస్తారో కూడా అప్పుడు తేల్చుకోండి. నాకైతే, ఆ కుర్రాడు మళ్ళీ ఆంటీ అన్నా మీరు నవ్వేసి ఇంకో పాట పెడతారేమో అనిపిస్తోంది.

ఎక్సెల్‌లో ఆ కాలమ్ తీసేయకండి. కొత్త అడ్మిన్లకి ఇచ్చినా అలాగే ఇవ్వండి, ఆయన చెప్పినవి ఆయన చెప్పినవేగా.

నెల్లూరు వెళ్ళేటప్పుడు మేనకోడలికీ అల్లుడికీ బట్టలు తీసుకెళ్ళండి. పెళ్ళికి పెట్టాల్సినవి ఇంకా బాకీ ఉన్నారు.