బీచ్ సంగతి తర్వాత, ముందు తారీఖు మార్చండి

ప్రశ్న: నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్‌ని, మావారు ఫార్మా కంపెనీలో చేస్తారు. ఉండేది హైదరాబాద్‌లో. ఇద్దరికీ కలిపి నెలకు 1.4 లక్షలు చేతికొస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి ఖర్చు 85 వేలు. పిల్లలకు 12, 7 ఏళ్లు. అత్తయ్య మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు. ఈ చలికాలం ఏదైనా బీచ్‌కి వెళ్లి నాలుగు రోజులు ఏ పనీ లేకుండా కూర్చోవాలని ఉంది. ట్రిప్ కోసం దాచింది 2.2 లక్షలు. డిసెంబర్ 25 నుంచి బాలికి ఏజెంట్ ఐదుగురికి 4.6 లక్షలు చెప్పాడు, తక్కువైంది ఈఎంఐలో కట్టొచ్చట. పిల్లలేమో మాల్దీవులంటున్నారు. 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తీయనా, ఈఎంఐ తీసుకోనా?

జవాబు: రెండూ వద్దమ్మా.

ఆ ఎఫ్‌డీ మీ ఎమర్జెన్సీ డబ్బు. ఇప్పుడే అది నాలుగు నెలల ఖర్చుకు సరిపోతుంది, అందులోంచి 2.4 లక్షలు తీస్తే నెలా పది రోజులకు వస్తుంది. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, మీవారిది ప్రైవేటు ఉద్యోగం అంటున్నారు, దాని జోలికి వెళ్లకండి. ఇక ఈఎంఐ అంటారా, 2.4 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 11,500, మొత్తం మీద వడ్డీ 36 వేల పైచిలుకు. 'జీరో కాస్ట్' అని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఎక్కడ కలిపాడో ఒకసారి చూడండి. బ్యాంకులో ఉన్న మీకు నేను చెప్పాలా ఇది!

అసలు నాకు నచ్చనిది లోన్ కంటే ఆ వారం. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా టికెట్లు, రూములు ఏడాదిలోకెల్లా ఖరీదు, దానికి తోడు చాలా రిసార్టుల్లో 'గాలా డిన్నర్' అని తిన్నా తినకపోయినా మనిషికింత అని బిల్లులో వేసేస్తారు. పైగా మీరనుకున్న బాలిలో నవంబర్ నుంచి మార్చి దాకా వానాకాలం. రోజంతా కురుస్తుందని కాదు గానీ, ఒడ్డున కూర్చోవడానికే వెళ్లేవాళ్లు ఏడాదిలో ఎక్కువ రేటు పెట్టి వాన సీజన్‌ని కొనుక్కోవడమేంటి? డిసెంబర్, జనవరిలో ఎండ కావాలంటే థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ వైపు, శ్రీలంకలో బెంటోటా, మిరిస్సా ఉన్న నైరుతి తీరం, మన గోవా, మాల్దీవులు బాగుంటాయి. అదే థాయ్‌లాండ్‌లో కోసముయ్ వైపు డిసెంబర్‌లో వానలు, శ్రీలంక తూర్పు తీరమూ అంతే. ఏజెంట్లు ఇది అడిగితే తప్ప చెప్పరు.

మాల్దీవుల గురించి పిల్లలకు ఒక లెక్క చెప్పండి. వెబ్‌సైట్‌లో కనిపించే రూము రేటు చాలాసార్లు అసలు రేటు కాదు. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, టూరిజం జీఎస్టీ, ఎయిర్‌పోర్టు నుంచి దీవికి స్పీడ్‌బోటో సీప్లేనో, మళ్లీ రిసార్టులో అయితే గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు. ఐదుగురు, ఐదు రాత్రులు, ఆ ఒక్క ట్యాక్సే 300 డాలర్లు! దీవిలో దిగాక భోజనానికి బయటికి వెళ్దామంటే వేరే హోటలే ఉండదు. ఇద్దరే వెళ్లేటప్పుడు వెళ్లండి, ఐదుగురితో కాదు.

విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పడుతుంది, ఏజెంటు చెప్పిన 4.6 లక్షల్లో అది ఉందో లేదో అడగండి. ఆ డబ్బు పోదు, మీ ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకోవచ్చు. కానీ ఈలోపు జేబులోంచి పెట్టాల్సింది మీరే. కార్డు అక్కడ గీకితే ఫారెక్స్ మార్కప్ (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు తీసుకునేది) 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ.

అందుకని నా మాట అండమాన్, అదీ జనవరి రెండో సగంలో. డిసెంబర్ దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు పడొచ్చు, జనవరికి వాతావరణం తేటపడుతుంది, సముద్రం కూడా నెమ్మదిస్తుంది. సంక్రాంతి ఇంట్లోనే చేసుకోండి, కనుమ నాడు కాకి కూడా కదలదంటారుగా, ఆ తర్వాతే బయల్దేరండి. ఏడో తరగతి పిల్లాడికి నాలుగు రోజుల బడి పోతే కొంప మునగదు (ఈ మాట టీచర్లకు నచ్చదని తెలుసు).

లెక్క ఇలా పెట్టుకోండి. విమానానికి మనిషికి 18 వేల చొప్పున 90 వేలు, రెండు రూములకు కలిపి రాత్రికి 11 వేలు దాటకుండా ఐదు రాత్రులకు 55 వేలు, పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావెలాక్ దీవికి రానూపోనూ ఫెర్రీకి 17 వేలు, తిండికి, క్యాబులకు 30 వేలు. మొత్తం 1.92 లక్షలు, ఇంకా 28 వేలు చేతిలో ఉంటాయి. ఇవి నేను గీసిన గీతలు, అంతకు మించితే తారీఖు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిపి చూడండి. హావెలాక్ కొత్త పేరు స్వరాజ్ ద్వీప్, పోర్ట్‌బ్లెయిర్‌ది శ్రీ విజయపురం, టికెట్ల మీద ఏదైనా ఉండొచ్చు. మూడు రాత్రులు అక్కడే, రాధానగర్ బీచ్‌కి దగ్గరలో, కింది అంతస్తు రూము తీసుకోండి, అత్తయ్యగారికి మెట్ల బాధ ఉండదు. మిగతా రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లో, వెళ్లిన రోజు ఒకటి, తిరిగొచ్చే ముందు రోజు ఒకటి. ఈ రెండోది ఖర్చని తగ్గించకండి, సముద్రం బాగోక ఫెర్రీ రద్దయిందంటే విమానం టికెట్లు ఐదూ గల్లంతే. సెల్యులార్ జైలు పైకి అత్తయ్యగారిని ఎక్కించకండి, కింద కూర్చోబెట్టండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో చాలామంది, ఆవిడకు మాటకి కొదవుండదు.

ఇంకోటి, మీరు ఉత్తరంలో రాయనే లేదు, మీ ఎల్‌ఎఫ్‌సీ (సెలవు ప్రయాణానికి బ్యాంకు ఇచ్చే చార్జీల సాయం) ఏమైంది? దేశంలో తిరిగితే విమానం చార్జీల్లో కొంత బ్యాంకే ఇస్తుంది. పన్ను మినహాయింపు పాత రెజీమ్‌లో ఉన్నవాళ్లకే, చార్జీలకే, నాలుగేళ్ల బ్లాకులో రెండుసార్లు, రూముకీ తిండికీ రాదు. మధ్యలో విదేశం తగిలించి క్లెయిమ్ చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఎస్‌బీఐ ఉద్యోగుల విషయంలో అలాంటి ప్రయాణాలకు మినహాయింపు లేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టే తేల్చేసింది.

అత్తయ్యగారు మీ డిపెండెంట్ల లిస్టులోకి వస్తారో లేదో టికెట్లు కొనకముందే హెచ్‌ఆర్‌ని అడిగి, శాంక్షన్ రాతపూర్వకంగా తీసుకోండి. బోర్డింగ్ పాసులు మాత్రం పారేయకండి, క్లెయిమ్ పెట్టేటప్పుడు అందరూ వెతికేది వాటికోసమే.