తల్లిదండ్రులు గుడి మానేసిన పిల్లలకు మేనత్త దేవుని గురించి చెప్పవచ్చా?

మీ తమ్ముడూ మరదలూ గుడికి, అంటే చర్చికి, వెళ్లడం మానేశారు, వాళ్ల ఇద్దరు పిల్లలకు మేనత్తగా మీరు దేవుని గురించి చెప్పవచ్చా, అది వాళ్ల సంసారంలో తలదూర్చడం అవుతుందా అని అడిగారు. చెప్పవచ్చు. చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే అసలు సంగతి.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాకు ఏడేళ్లప్పుడు గుడి కమిటీ ఎన్నికల్లో గొడవ జరిగి నాన్న మనసు విరిగింది. ఆ తరువాత ఆయన ఆ మెట్లు ఎక్కలేదు. అమ్మ కూడా నెమ్మదిగా మానేసింది. కుటుంబ ప్రార్థన ఆగిపోయి, బైబిలు బీరువా పైకి చేరింది. అయినా నేను ఈరోజు విశ్వాసంలో ఉన్నానంటే అమ్మకు అక్క, రేపల్లె దగ్గర పల్లెటూళ్లో ఉండే మా పెద్దమ్మే కారణం. అమెరికా నుంచి హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టారు. ఆ సువార్త మా తాతల కాలంలో ఒకసారి మా ఇంటికి వచ్చింది. రెండోసారి దాన్ని మోసుకొచ్చింది పెద్దమ్మ.

ఆమె ప్రసంగాలు చేసే మనిషి కాదు. మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పిన గుర్తు నాకు లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి పిడికెడు తీసి పెద్ద డాల్డా డబ్బాలో వేసేది. నెలకోసారి, రెండో ఆదివారం, ఆ డబ్బా గుడికి వెళ్లేది. ఈ పిడికెడు బియ్యం సంగతి మన సంఘాల్లో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. వేసవి సెలవుల్లో ఆ పిడికిలి నాది. గుప్పిట సగమే మూస్తే ఊరుకునేది కాదు.

1990 మే 9, బుధవారం. నాకు తొమ్మిదేళ్లు. తుపాను కృష్ణా ముఖద్వారం వైపు వస్తోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. మా వైపు పెద్దవాళ్లకు తుపాను అనగానే 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన కళ్లముందు మెదులుతుంది. ఒక్క రాత్రిలో వేలమంది కొట్టుకుపోయారు. అందుకే చీకటి పడకముందే తాటాకు ఇళ్లవాళ్లంతా పెద్దమ్మ పెంకుటింటికి చేరారు. నడిమి గదిలో ఇరవై మందికి పైగా ఉన్నాం. తలుపు గడియ నిలవక రోకలి అడ్డం పెట్టి, దానికి ఇద్దరు మగవాళ్లు వీపులు ఆనించి కూర్చున్నారు. నెత్తిమీద పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి.

పెద్దమ్మ లాంతరు వత్తి తగ్గించి ప్రార్థన మొదలుపెట్టింది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పింది. గుడికి వచ్చేవాళ్లు, రానివాళ్లు అని చూడలేదు. పలుపు విప్పి వదిలేసిన గేదెను కూడా తలుచుకుంది. నేను ఆమె కొంగు పట్టుకుని, "దేవుడు గాలిని ఆపేస్తాడా పెద్దమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "తెలియదు నాన్నా. అడుగుతున్నాను. ఆపకపోయినా మన దగ్గరే ఉంటాడు, అది మాత్రం తెలుసు" అంది. నా చిన్నతనంలో నాకు "తెలియదు" అని చెప్పిన మొదటి పెద్ద ఆమే. ఆ తరువాత దేవుని గురించి ఆమె ఏమి చెప్పినా నమ్మాను.

తెల్లవారాక చూస్తే వెనుక గది మట్టిగోడ బియ్యం బస్తా మీద కూలి ఉంది. బియ్యమంతా బురదలో కలిసిపోయింది. గూట్లో ఉన్న డాల్డా డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దమ్మ పాత పీట విరిచి పొయ్యి వెలిగించి, చెంచా కాడతో డబ్బా మూత తీసింది. నాకు భయం వేసింది. "అవి దేవుని బియ్యం కదా!" అన్నాను. "దేవునివే. మరి వీళ్లు ఎవరి మనుషులు?" అని, డబ్బా మొత్తం ఎసట్లో బోర్లించింది. ఉప్పు వేసిన ఆ గంజి రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆదివారం ఆ ఖాళీ డబ్బా పట్టుకునే గుడికి వెళ్లింది. పాస్టరు అయ్యగారికి మూత తీసి చూపించి, "ఈ నెల బియ్యం గురువారమే వడ్డించేశానండి" అంది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ఇతరుల బియ్యం సంచుల పక్కన బల్లమీద పెట్టి ప్రార్థన చేశారు. నేను చూసిన కానుకల్లో అంతటిది మరొకటి లేదు.

ఇప్పుడు పిల్లలకు భక్తి నేర్పుతున్నామనుకుని మనం చేస్తున్నవి చూస్తే బాధ కలుగుతుంది. చుట్టాలు రాగానే పిల్లవాణ్ని నిలబెట్టి ఇరవైమూడో కీర్తన అప్పజెప్పిస్తారు. ప్రార్థన చేసుకుంటే మొదటి ర్యాంకు వస్తుందంటారు; రాకపోతే ఆ పిల్లవాడు ఎవరిని శంకించాలి? అబద్ధమాడితే దేవుడు కళ్లు తీసేస్తాడని బెదిరిస్తారు. పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద వాక్యం ఫోనులో పంపి బాధ్యత తీరిందనుకుంటారు. అన్నిటికన్నా నన్ను కలచివేసేది తెలుగు సంగతి. ఇంగ్లీషు చదువుల్లో పడి మన పిల్లలు తెలుగు బైబిలు చదవలేకపోతున్నారు. అవ్వ కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే మనవడు పక్కనే మోకాళ్ల మీద ఉంటాడు, ఆమె మాటల్లో సగం వాడికి అర్థం కావు. మీరు వారానికి రెండుసార్లయినా ఫోను చేసి వాళ్లకు ఒక చిన్న భాగం చదివి వినిపించండి. అర్థం అడిగితే చెప్పండి, అడగకపోతే వదిలేయండి. ముందు ఆ తెలుగు చెవిన పడనివ్వండి.

మేనత్తకు హక్కెక్కడిది అనేవాళ్లకు బైబిల్లోనే జవాబుంది. తల్లిదండ్రులు లేని ఎస్తేరును పెంచింది మొర్దెకై. ఆమె ఆయనకు పినతండ్రి కూతురు. అపొస్తలుడు పౌలు శిష్యుడైన తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు తిమోతికి రాస్తూ, ఆ విశ్వాసం మొదట నీ అవ్వ లోయిలో, నీ తల్లి యునీకేలో ఉండిందన్నాడు, తండ్రి పేరు ఎత్తలేదు. యెరూషలేములో పౌలును చంపాలని కొందరు పొంచి ఉన్నారని విని, కోటలోకి వెళ్లి ఆయనకు చెప్పింది ఆయన మేనల్లుడే. విశ్వాసంలో నిలిచిన ఎవరిని కదిపినా ఒక అవ్వో, మేనత్తో, పెద్దమ్మో బయటపడుతుంది. దీన్ని ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

అయితే చాటుగా చేయకండి. తల్లికి తెలియకుండా పిల్లలకు ప్రార్థన నేర్పితే వాళ్లు ముందుగా నేర్చుకునేది దాచిపెట్టడం. మీ మరదలితోనే నేరుగా మాట్లాడండి, తమ్ముడితో చెప్పించకండి. ఈ వేసవిలో పిల్లలను పది రోజులు మీ ఇంటికి పంపమని అడగండి. వచ్చాక మీ పనుల్లో వాళ్లను కలుపుకోండి. జబ్బుపడిన వాళ్లను పలకరించడానికి వెళితే వెంట తీసుకువెళ్లండి, పండ్ల సంచి వాళ్ల చేతికివ్వండి.

పెద్దమ్మ ఏటా ఏప్రిల్‌లో నాన్నకు కార్డు రాసేది. "మరిదిగారికి, సెలవులకు పిల్లలను పంపండి. ఆదివారాలు నాతో గుడికి తీసుకువెళతాను. మీకు ఇష్టం లేకపోతే రాయండి" అని. నాన్న ఆ కార్డుకు ఎప్పుడూ జవాబు రాయలేదు. సెలవులిచ్చిన వారంలోనే నన్నూ తమ్ముణ్నీ గుంటూరులో రేపల్లె బస్సు ఎక్కించేవారు. సంచిలో అన్నిటికన్నా పైన, నలగకుండా కాగితంలో చుట్టి, ఆదివారానికి రెండు తెల్లచొక్కాలు ఉండేవి. వాటిని ఇస్త్రీ చేసింది నాన్నే.